తూముకు అవతల ఎవరున్నారు?



వేసవి సెలవులు మొదలైతే చాలు, స్త్రీల కూడికలో ఒక ప్రార్థన అంశం తప్పకుండా వస్తుంది: కాలువల దగ్గర, బావుల దగ్గర తిరిగే మన పిల్లల క్షేమం. ఆ మాట చెప్పేటప్పుడు ఏ తల్లి గొంతు అయినా కాస్త తడబడుతుంది. కన్నీళ్లతోనే ప్రార్థిస్తారు, అందులో అనుమానం లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు, పెద్దవాళ్లు అన్నం తిని కునుకు తీసే వేళకు, అదే తల్లుల పిల్లలు చొక్కాలు గట్టున పడేసి వ్యవసాయ బావిలో దూకుతుంటారు. ఆ ప్రార్థనకూ ఈ దూకడానికీ మధ్య మనం చేయవలసిన పని ఒకటి ఉందని మా అభిప్రాయం. ఈ వారం దాని గురించే రాస్తున్నాం.

ఈత తప్పు అని మేము అనడం లేదు. పల్లెలో పుట్టినవాడికి ఈత రావాలి. మేము మాట్లాడేది పందెం గురించి. నీళ్లలో మునిగి ఎవడు ఎక్కువసేపు ఉంటాడో గట్టు మీదివాళ్లు ఒకటి, రెండు అని లెక్కపెట్టే పందెం. బావి అడుగు దాకా వెళ్లి గుప్పెట్లో మట్టి తెచ్చి చూపించే పందెం. అన్నిటికన్నా భయంకరమైనది, కాలువకు అడ్డంగా రోడ్డు పోయే చోట ఇవతల మునిగి, తూములో దూరి, అవతల తేలే పందెం. ఈ మధ్య దీనికి సెల్‌ఫోన్ వీడియో కూడా తోడైంది. ఒకప్పుడు పందెం చూడటానికి నలుగురు ఉండేవారు, ఇప్పుడు నాలుగు వందల మంది ఉన్నారు. కానీ ఆ నాలుగు వందల మందిలో చెయ్యి అందించగలవాడు ఒక్కడూ లేడు.

మా సంఘంలో తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి ఒకడు భుజం మీద పెద్ద దోకుడు దెబ్బతో ఆదివారం గుడికి వచ్చాడు. అడిగితే సైకిల్ మీద నుంచి పడ్డానన్నాడు. రెండు వారాల తర్వాత, పట్టాలు మడతపెడుతూ, వాడంతట వాడే అసలు సంగతి చెప్పాడు. తూములో సగం దూరం వెళ్లాక సిమెంటు పైకప్పుకు రాసుకుందట. మేము ఒకటే అడిగాం: "అవతల నిన్ను చూసుకోవడానికి ఎవరున్నారు నాయనా?" వాడు కాసేపు ఆలోచించి అన్నాడు: "ఎవరూ లేరండి అయ్యగారూ. అందరూ ఇవతలే ఉన్నారు. లెక్కపెడుతున్నారు."

ఆ మాట మమ్మల్ని వదలడం లేదు. వాడు తేలవలసిన చోట ఎవరూ లేరు. మునిగిన చోట అందరూ ఉన్నారు.

ఇలాంటి పిల్లవాడిని చూసి "పొగరు", "చెప్పిన మాట వినడు" అని తేల్చేయడం మాకు ఇష్టం లేదు. పదకొండు పన్నెండేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా ఉండే మగపిల్లవాడి మనసులో ఒక ప్రశ్న ఉంటుంది: నేను ఇంకా చిన్నవాడినేనా? నాకు భయం ఎక్కువా, ధైర్యం ఎక్కువా? ఆ ప్రశ్న సాతాను పెట్టింది కాదు. తండ్రి గొర్రెల కోసం సింహానికీ ఎలుగుబంటికీ ఎదురువెళ్లిన దావీదు కూడా కుర్రవాడే. మరి మన సంఘాల్లో ఈ వయసు పిల్లలకు మనం ఇచ్చే పనులేమిటి? పట్టాలు పరచడం, మైకు మోయడం, క్రిస్మస్ నాటికలో గొర్రెల కాపరి వేషం. ధైర్యం అవసరమయ్యే పని ఒక్కటీ లేదు. మనం ఇవ్వనిది వాళ్లు బావిలో వెతుక్కుంటున్నారు.

ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు తిరగేసిన పిల్లలు కొందరికి ఒక కథ తెలిసి ఉండవచ్చు. 2007లో నోబెల్ బహుమతి పొందిన డోరిస్ లెస్సింగ్ రాసిన 'త్రూ ది టన్నెల్'. తండ్రి లేని పదకొండేళ్ల అబ్బాయి తల్లితో కలిసి సెలవులకు సముద్ర తీరానికి వెళ్తాడు. అక్కడి పెద్ద కుర్రాళ్లు నీళ్లలో మునిగి, బండరాయిలో ఉన్న సొరంగం గుండా ఈది అవతల తేలడం చూస్తాడు. తానూ చేయాలనుకుంటాడు. రోజుల తరబడి ఊపిరి బిగబట్టడం నేర్చుకుంటాడు. ముక్కులో నుంచి రక్తం కారుతుంది. అయినా మానడు. చివరకు ఒంటరిగా వెళ్లి, చావు అంచు దాకా పోయి, బయటపడతాడు. కథను చదివినవాళ్లు సాధారణంగా ఆ పిల్లవాడి పట్టుదలను మెచ్చుకుంటారు. పసితనం పోయి ఎదిగాడంటారు. మాకు మాత్రం ఆ తల్లి మీదే దృష్టి నిలిచింది. ఆమె చెడ్డ తల్లి కాదు. కొడుకు మీద ప్రేమ ఉంది, కట్టిపడేయకూడదన్న వివేకమూ ఉంది. కొడుకు ఇంటికి వచ్చి, నీళ్ల కింద రెండు మూడు నిమిషాలు ఉండగలను అని మాత్రం చెబుతాడు. సొరంగం మాట చెప్పడు. ఆమె అతి చేయకు అన్నట్టు ఏదో అంటుంది. అంతే. కొడుకు చనిపోయి బతికిన సంగతి ఆమెకు ఎప్పటికీ తెలియదు. మన ఊళ్లలో అలాంటి తల్లులు ఎంతమంది ఉన్నారో లెక్క వేయండి.

ఇక్కడ కాస్త శరీర ధర్మం గురించి చెప్పాలి. విశ్వాసులకు ఇది అవసరమా అనకండి, శరీరాన్ని చేసినవాడు దేవుడే.

ఊపిరి బిగబట్టినప్పుడు "ఇక పైకి రా" అని లోపలి నుంచి తొందరపెట్టేది ఆక్సిజన్ తగ్గడం కాదు. ఒంట్లో కార్బన్ డై ఆక్సైడ్ పెరగడం. పందేనికి ముందు పిల్లలు గబగబా పెద్ద పెద్ద ఊపిర్లు తీసుకుంటారు, చూసే ఉంటారు. గాలి నిల్వ చేసుకుంటున్నామని వాళ్ల నమ్మకం. నిజానికి దానివల్ల ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డై ఆక్సైడ్ మాత్రం బాగా తగ్గిపోతుంది. అంటే వాకిట్లో కాపలా కుక్క మూతి కట్టేసినట్టు. దొంగ ఇంట్లోకి వచ్చినా అది మొరగదు. పిల్లవాడికి ఇంకా ఉండగలను అనే అనిపిస్తుంది. ఈలోగా మెదడుకు ఆక్సిజన్ చాలక స్పృహ తప్పుతుంది. పెనుగులాట ఉండదు, కేక ఉండదు. గట్టు మీదివాళ్లు "భలే ఉన్నాడ్రా" అని లెక్క కొనసాగిస్తూనే ఉంటారు. ఈత రానివాడికే కాదు, బాగా వచ్చినవాడికీ ఇలా జరుగుతుంది. ఇక తూములో అయితే ప్రమాదం రెండింతలు. ఊపిరి చాలదనిపించినా తల పైకెత్తే వీలు లేదు. కొట్టుకొచ్చిన కంపలు, చెత్త ఏ మూలన అడ్డుపడి ఉన్నాయో తెలియదు. నీటి వేగానికి వెనక్కి తిరగడం కుదరదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా నీటిలో మునిగి చనిపోయినవారు సుమారు 3 లక్షల మంది. 5 నుంచి 14 ఏళ్ల పిల్లల మరణాలకు ఉన్న కారణాల్లో ఇది మూడవది. జ్వరాలకు ప్రార్థన పెడతాం, మందులు తెస్తాం. దీనికి మాత్రం ప్రార్థన ఒక్కటే సరిపెట్టుకుంటున్నాం.

బైబిలులో కూడా నీటి సొరంగం ఒకటి ఉంది. రాజులు రెండవ గ్రంథం 20వ అధ్యాయం చివర్లో, దినవృత్తాంతములు రెండవ గ్రంథం 32వ అధ్యాయంలో హిజ్కియా రాజు నీటిని పట్టణంలోకి తెచ్చిన సంగతి చదువుతాం. గిహోను ఊట నుంచి సిలోయము కోనేటి దాకా కొండ కడుపులో తొలిచిన ఆ దారి ఇప్పటికీ ఉంది. పొడవు సుమారు 533 మీటర్లు. యెరూషలేము యాత్రకు వెళ్లినవాళ్లు అందులో మోకాలి లోతు నీళ్లలో నడిచి వస్తారు. ఇప్పుడది శుభ్రం చేసిన దారి. పూర్వం మట్టితో పూడి ఉండేది. 1867లో చార్లెస్ వారెన్ అనే ఇంగ్లీషు అధికారి అందులో పాకుతూ వెళ్లినప్పుడు, ఒకచోట నీటికీ పైకప్పుకూ మధ్య ఊపిరి పీల్చుకోవడానికి మిగిలింది నాలుగు అంగుళాలే. పైగా గిహోను ఊట ఉండి ఉండి ఒక్కసారిగా పొంగే ఊట.

1880లో ఆ సొరంగంలోకి ఒక పిల్లవాడు దిగాడు. పేరు యాకోబు ఏలియాహు, వయసు పదహారు. యెరూషలేములో మిషనరీల బడిలో చదువుకునేవాడు. తర్వాతి కాలంలో అతడిని పెంచుకున్న కుటుంబంలోని బెర్తా స్పాఫర్డ్ వెస్టర్ తన పుస్తకంలో ఈ సంగతి రాసింది. సొరంగంలో భూతం ఉందని ఊళ్లో చెప్పుకునేవారట. అదే పిల్లలను లాగింది. యాకోబు ఒక చివర నుంచి, అతడి స్నేహితుడు రెండో చివర నుంచి బయలుదేరి మధ్యలో కలుసుకోవాలని ఒప్పందం. తేలే చెక్క మీద కొవ్వొత్తులు పెట్టుకుని దిగారు. కొవ్వొత్తి ఆరిపోయింది. చీకట్లో గోడను చేత్తో తడుముతూ యాకోబు ముందుకు పోయాడు. స్నేహితుడు మాత్రం భయపడి మధ్యలోనే వెనక్కి తిరిగాడు. ఆ సంగతి యాకోబుకు తెలియదు. ఎదురు వస్తాడనే అనుకుంటూ వెళ్లాడు. సిలోయము వైపు చివరకు వస్తుండగా అతడి వేళ్లకు గోడ మీద చెక్కిన అక్షరాలు తగిలాయి.

ఆ అక్షరాలే నేడు ప్రపంచానికి తెలిసిన సిలోయము శాసనం. ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. అందులో ఏముందో మన సంఘ పిల్లలు తెలుసుకోవాలి. రాజు పేరు లేదు, రాజు గొప్పలు లేవు. ఉన్నది కూలివాళ్ల సంగతి. రెండు జట్లు రెండు చివరల నుంచి తొలుచుకుంటూ వచ్చి, ఇంకా మూడు మూరల రాయి మిగిలి ఉండగా, రాతికి అవతలి నుంచి ఒకరినొకరు పిలుచుకునే గొంతు విన్నారట. ఆ గొంతును పట్టుకుని గునపానికి ఎదురుగా గునపం వేసి కలుసుకున్నారట. ఇరవై ఏడు వందల సంవత్సరాల క్రితం ఆ చీకట్లో రెండు జట్లు కలిసింది ఆ గొంతును నమ్ముకునే. అదే సొరంగంలో మన యాకోబుకు అవతలి నుంచి ఏ గొంతూ లేదు. బతికి బయటపడ్డాడు, గొప్ప శాసనం దొరికింది, నిజమే. ఊట ఆ గంటలో పొంగి ఉంటే శాసనమూ లేదు, యాకోబూ లేడు.

ఒక పక్క మాట. అతడిని పెంచుకున్న ఆ స్పాఫర్డ్ కుటుంబం ఎవరో మీకు తెలుసు. 'ఇట్ ఈజ్ వెల్ విత్ మై సోల్' కీర్తన రాసిన హొరేషియో స్పాఫర్డ్ కుటుంబమే. 1873 నవంబరులో ఓడ మునిగి వాళ్ల నలుగురు ఆడపిల్లలు సముద్రంలో పోయారు. నీళ్లలో నలుగురు బిడ్డలను పోగొట్టుకున్న ఇంట్లో, నీళ్లలో నుంచి బతికి వచ్చిన కుర్రవాడు కొడుకుగా పెరిగాడు. అతడు చిన్నప్పటి ఆ సాహసం చెబుతుంటే ఆ తల్లి ఏ ముఖంతో విని ఉంటుందా అని మేము చాలాసార్లు అనుకున్నాం.

ఇక వాక్యంలోకి వద్దాం. మత్తయి సువార్త 4వ అధ్యాయంలో సాతాను ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నాడు. 91వ కీర్తనను కూడా వాడే చెప్పాడు, దేవదూతలు పట్టుకుంటారని. ప్రభువు దూకలేదు. అది ధైర్యం లేక కాదని మనకు తెలుసు. సిలువకు వెళ్లినవాడికి శిఖరం ఒక లెక్కా? అక్కడి నుంచి దూకితే ఎవరికీ మేలు లేదు, తండ్రి దూకమని చెప్పలేదు. దావీదు గొల్యాతు మీదికి వెళ్లినప్పుడు ఇశ్రాయేలు సైన్యమంతా వణుకుతూ ఉంది, అక్కడ అవసరం ఉంది. పేతురు నీళ్ల మీద కాలు పెట్టింది ప్రభువు రమ్మన్న తర్వాతే. మునిగిపోతున్నప్పుడు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ప్రభువు ఉన్నాడు. ఈ మూడు సంగతులూ పిల్లల చేత బట్టీ పట్టించడం కాదు, వాళ్లతో కూర్చుని మాట్లాడాలి. ఎవరైనా పిలిచారా? ఎవరికైనా అవసరమా? అందుకునే చెయ్యి ఉందా? తూము పందేనికి మూడింటికీ జవాబు లేదు. అదే మునిగిపోతున్న తమ్ముడికి గట్టు మీద నుంచి తాడు విసిరేవాడికి మూడూ ఉన్నాయి. ఆ రెండోవాడిని మనం మెచ్చుకున్నామా? వాడికి ఎప్పుడైనా చప్పట్లు కొట్టామా?

పెద్దలకు చెప్పవలసిన మాట ఇంకా కటువైనది. నీళ్లలో బిడ్డ పోయిన ఇంటికి వెళ్లి "దేవుని చిత్తం" అంటాం. బిడ్డ శవం ముందు కూర్చున్న తల్లితో మేము వాదించం, ఆమె ఏ మాట పట్టుకుని ఆ రాత్రి గడుపుతుందో ఆమె ఇష్టం. కానీ ఆ బావి యజమాని ఆ మాట అనకూడదు. ఊరి పెద్దలు అనకూడదు. సంఘ పెద్దలు అసలే అనకూడదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం చూడండి. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఆ ఇంటి మీద ఉంటుంది. నిర్గమకాండము 21వ అధ్యాయంలో గొయ్యి తవ్వి మూత పెట్టనివాడి సంగతి ఉంది. అందులో ఎద్దు గాని గాడిద గాని పడితే వాడే నష్టం కట్టుకోవాలి. గాడిద పడితేనే లెక్క అడిగిన దేవుడు, పిల్లవాడు పడితే ఊరుకుంటాడా? పిట్టగోడ లేకపోవడాన్ని ఆయన చిత్తం ఖాతాలో రాయవద్దు.

"పిల్లలకు ఈతే నేర్పకపోతే సరి, నీళ్ల జోలికే పోరు" అని ఒక పెద్దాయన మాతో అన్నారు. మేము ఒప్పుకోలేదు. నేర్పకపోయినా పోతారు, మనకు తెలియకుండా పోతారు. మన సంఘం బాప్తిస్మాలు ఇచ్చేది కూడా కాలువలోనే. నడుము లోతు నీళ్లలో నిలబడి, ఒక్కొక్కరిని రెండు చేతులతో పట్టుకుని ముంచి, రెండు చేతులతోనే పైకి లేపుతాం. గట్టు మీద ఇద్దరు పెద్దలు తువ్వాళ్లతో నిలబడతారు. నీళ్లలోకి దిగేవాడి చెయ్యి ఎవరో ఒకరు పట్టుకుని ఉండటం మన దగ్గర కొత్త సంగతి కాదు.

అందుకని మన సంఘంలో అనుకున్నవి ఇవి. బావులు ఉన్న విశ్వాసులు ఈ నెలలోనే బావికి నలువైపులా కంచె గాని గోడ గాని వేయాలి, ఒక గట్టి తాడు ఎప్పుడూ వేలాడేలా కట్టాలి. మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల డబ్బాకు తాడు కట్టి గట్టున పెడితే మునిగేవాడికి అదే ఆసరా. డబ్బాలు మా ఇంటి దగ్గర పన్నెండు పోగయ్యాయి, వచ్చి తీసుకెళ్లండి. ఒకడు మునుగుతుంటే ఇంకొకడు వెంటనే దూకకూడదని పిల్లలకు పదేపదే చెప్పండి, అలా దూకే ఇద్దరు ముగ్గురు కలిసి పోతున్నారు. ముందు కేక వేయాలి, కర్రో చీరో తాడో అందించాలి, 108కి ఫోన్ చేయాలి. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం వద్దు. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఊదాలి, ఛాతీ మీద నొక్కాలి, సాయం వచ్చేదాకా ఆపకూడదు. ఇది చదివితే రాదు, చేసి నేర్చుకోవాలి. నర్సుగా పనిచేస్తున్న మన సంఘ సహోదరి వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత చేసి చూపిస్తారు. యవనస్థులందరూ ఉండాలి. తూము కుర్రవాడు ముందు వరుసలో కూర్చుంటానని మాట ఇచ్చాడు.

శనివారాలు సాయంత్రం నాలుగున్నరకు, నీళ్లు తక్కువగా వదిలిన రోజుల్లో, బాప్తిస్మాలు ఇచ్చే రేవు దగ్గర పిల్లలకు ఈత నేర్పుతాం. ఈత వచ్చిన సహోదరులు ఐదుగురు పేర్లిచ్చారు. ఇంకా ముగ్గురు కావాలి. ఆడపిల్లలకు కూడా నేర్పాలని తల్లులు అడుగుతున్నారు, సరైన మాటే. కానీ నేర్పడానికి ఈత వచ్చిన సహోదరి మన సంఘంలో ఇంకా దొరకలేదు. చుట్టుపక్కల ఊళ్ల సంఘాల్లో ఎవరైనా ఉంటే పాస్టరమ్మగారికి ఫోన్ చేయండి.